పద్యం పక్కన పెన్సిలు

మా మేనకోడలు డిగ్రీలో తెలుగు చదువుతోంది. పరీక్షల ముందు కడపకు, మా ఇంటికి వచ్చినప్పుడు తన పాఠ్యపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. సంక్రాంతి ముగ్గుల్లో నింపే రంగులన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

‘‘ఇదంతా ఏమిటమ్మా?’’

‘‘నోట్సు మామా. పద్యాలకు గుర్తులు పెట్టుకున్నాను.’’

‘‘ఈ పసుపు?’’

‘‘ముఖ్యమైనవి.’’

‘‘మరి గులాబీ?’’

‘‘మరీ ముఖ్యమైనవి.’’

ఆ పేజీలో ఉన్నది వేమన పద్యం. నాలుగు పాదాల్లో రంగు పడని మాట ఒక్కటే కనిపించింది, ‘ధరలోన’. దాని పక్కన పెన్సిలుతో చిన్నగా ‘రేటు’ అని రాసి ఉంది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. కానీ ఆ పేజీ మొత్తం మీద చదువు జరిగిన చోటు అదొక్కటే. ఒక మాట దగ్గర ఆగింది, అర్థం ఏమై ఉంటుందని ఆలోచించింది, తప్పో ఒప్పో ఒకటి రాసింది. మిగిలినదంతా రంగు పూయడమే.

పద్యానికి టిప్పణి, అంటే పక్కన నోట్సు, రాసుకోవడమంటే చాలామంది అర్థం రాసుకోవడమనే అనుకుంటారు. గైడ్లు నేర్పిన అలవాటు అది. గైడులో ముందు తాత్పర్యం ఉంటుంది, పద్యం దాని వెనక నిలబడి ఉంటుంది. నా లెక్కలో ఇది తలకిందుల పని. తాత్పర్యం చివర రాయవలసినది. ముందుగా రాయవలసినవి మనం తట్టుకున్న చోట్లు. ఎక్కడ మాట విరగలేదు, ఎక్కడ వాక్యం కుదరలేదు, ఎక్కడ రెండు అర్థాలు తోచాయి అన్నవి. అవన్నీ తేలాక తాత్పర్యం దానంతట అదే వస్తుంది. గైడులో ఉన్నదానికి అది కాస్త భిన్నంగా ఉన్నా కంగారు పడనవసరం లేదు.

ఈ పని మన భాషకు కొత్త కాదు. కాళిదాసు కావ్యాలకు సంస్కృతంలో వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి తెలుగువాడే, మెదకు ప్రాంతంలోని కొలిచెలమ ఊరివాడు. ఆయన తన పనికి ముందే ఒక షరతు పెట్టుకున్నాడు: ‘నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే’. ఆధారం లేనిది ఏదీ రాయను, అవసరం లేనిది ఏదీ చెప్పను అని. పుస్తకం అంచున పెన్సిలు పట్టుకునే ప్రతివారూ దీన్ని మొదటి పేజీలో రాసుకోవచ్చు. మొదటి సగం పాటించడం ఎంత కష్టమో, రెండో సగం అంతకన్నా కష్టం. తెలిసిందంతా రాసేయాలన్న దురద ఎవరికి ఉండదు!

కడపలో ఉన్నవాళ్ళకు దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1820లో ఉద్యోగిగా ఈ ఊరికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తరువాతి కాలంలో ఇక్కడ బంగళా కొని, పండితులను సొంత ఖర్చుతో కూర్చోబెట్టి, తాళపత్రాల ప్రతులు తెప్పించి పోల్చి చూసే పని పెట్టించాడు. ఒక ప్రతిలో ఒక మాట, ఇంకొక ప్రతిలో ఇంకొక మాట. వాటిని పాఠాంతరాలు అంటారు. ఏ పాఠం సరైనదో తేల్చకుండా అర్థం రాయడానికి కూర్చోకూడదని ఆ పండితులకు బాగా తెలుసు. మనుచరిత్ర, వసుచరిత్ర వంటి ప్రబంధాలకు జూలూరి అప్పయ్య వ్యాఖ్యలు రాసింది బ్రౌన్ పూనికతోనే. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించి, 1839లో మరిన్ని చేర్చి మళ్ళీ వేయించినదీ ఆయనే. కాబట్టి వేమన పద్యంతోనే మొదలుపెడదాం. వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లె కూడా మనకు దూరం కాదు, కదిరి వైపే.

అనగననగ రాగమతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

ఇంత తేలికైన పద్యానికి టిప్పణి ఏమిటని అడగవచ్చు. తేలికగా కనిపించే పద్యంలోనే మన కన్ను ఎక్కువ జారుతుంది. మొదటి మాటే చూడండి. ‘అనగననగ’ చూడగానే ‘అనగనగా ఒక రాజు’ చెవిలో మోగుతుంది. ఇది ఆ మాట కాదు. అనగన్, అనగన్ అని రెండుసార్లు అనడం, అంటే అనగా అనగా, పాడగా పాడగా. మొదటి ‘అనగన్’ చివర ఉన్న నకారం రెండో ‘అనగ’లోని అచ్చుతో కలిసి ‘న’ అయింది. పదాన్ని ఇలా విడదీయడాన్ని పదచ్ఛేదం అంటారు. నా సలహా ఏమిటంటే, రంగు పెన్నులు పక్కన పెట్టి ముందు పెన్సిలుతో పద్యమంతా నిలువు గీతలు గీయాలి. అనగన్ | అనగ | రాగము | అతిశయిల్లుచున్ | ఉండు. గీత ఎక్కడ గీయాలో తెలియని చోట ఒక ప్రశ్నార్థకం.

మా మేనకోడలు ప్రశ్నార్థకం పెట్టలేదు, ధైర్యంగా గీత గీసింది. రాగ | మతి | శయిల్లు. మతి అంటే బుద్ధి, శయిల్లు అంటే శయనించడం కాబోలు, పాట వింటూ ఉంటే బుద్ధి నిద్రపోతుందని అర్థం చెప్పింది! కొన్ని కచేరీల విషయంలో కాదనలేను. అయితే ఇది తప్పని నిఘంటువు తెరవకుండానే రుజువు చేయవచ్చు. రుజువు పద్యంలోనే ఉంది. దాని పేరు యతి.

ఈ పద్యం ఆటవెలది. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి: అనగ, ననగ, రాగ, మతిశయి, ల్లుచునుండు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి, అదే యతి. మొదటి అక్షరం ‘అ’. నాలుగో గణం మొదలు ‘మ’. అకారానికీ మకారానికీ యతి కుదరదు. మరి కవి తప్పాడా? లేదు. ఆ ‘మ’లో ఒక ‘అ’ దాగి ఉంది. రాగము, అతిశయిల్లు కలిసి ‘రాగమతిశయిల్లు’ అయింది. సంధిలో మునిగిన ఆ అకారంతోనే మొదటి అకారం చెలిమి చేస్తోంది. అంటే ఆ మాటను ఎక్కడ విరవాలో యతి మనకు వేలు పెట్టి చూపిస్తోంది. ‘మతి’ అన్న పదం అక్కడ ఉండి ఉంటే యతి భంగమయ్యేది.

ఛందస్సు అంటే గణాలు బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకోవడం అనుకునే పిల్లలకు ఈ ఒక్క చోటు చూపిస్తే చాలు. గురులఘువులు గుర్తించడం అలంకారానికి కాదు, పద్యాన్ని విచారించడానికి. యతి స్థానంలో ఉన్న అక్షరం చుట్టూ ఒక సున్న చుట్టండి. అర్థం మీద అనుమానం వచ్చినప్పుడల్లా ముందు ఆ సాక్షినే అడగండి.

ఇక రెండో చిక్కు. ఇదే పద్యం పాత ముద్రణలో చూస్తే ‘తినఁగఁ దినఁగ వేము’, ‘సాధనమునఁ బనులు’ అని ఉంటుంది. అరసున్న చూసి భయపడనవసరం లేదు. నకారంతో ముగిసే కొన్ని మాటల తరువాత క చ ట త ప లు వస్తే గ జ డ ద బ లుగా మారుతాయి. ‘తినగన్ తినగ’ అన్నది ‘తినఁగఁ దినఁగ’ అయింది. ఈ సంగతి తెలియనివాడు నిఘంటువులో ‘బనులు’ కోసం వెతుకుతాడు, దొరకదు. ‘దినగ’ కోసం వెతికి ‘దినము’ దగ్గర ఆగి, రోజురోజుకూ అని అర్థం చెప్పినా చెప్పగలడు. కాబట్టి మారిన మాట మీద దాని అసలు రూపం రాసుకోవాలి. అది రాశాకే నిఘంటువు.

నిఘంటువులకు కొదువ లేదు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వచ్చింది. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఇటువంటివి చాలా ఒకేచోట వెతకవచ్చు, ఫోనులోనే. ఎక్కువ మోసం చేసేవి తెలియని మాటలు కావు, తెలుసనుకున్న మాటలు. ‘వేము’ తెలియకపోతే వెతుకుతాం, వేప అని తెలుసుకుంటాం. ‘ధర’ తెలుసనుకుంటాం కాబట్టి వెతకం. పద్యంలో ధర అంటే భూమి. రోజూ వాడే మాట పద్యంలో కనబడితే దాన్నే ముందు అనుమానించాలి.

‘రాగము’ కూడా అలాంటిదే. సంగీతంలోని రాగం ఒక అర్థం, అనురాగం మరొకటి, రంగు, ఎరుపు ఇంకొకటి. ఇక్కడ ఏది? పాడగా పాడగా రాగం పెరుగుతుంది అన్నది అందరూ చెప్పేది. అనగా అనగా, అంటే మళ్ళీ మళ్ళీ చెప్పుకోగా, ప్రేమ పెరుగుతుంది అన్నా వాక్యం చెడదు. నేనైతే సంగీతం వైపే మొగ్గుతాను. ‘సాధనమున’ అన్న మూడో పాదం అటువైపే లాగుతోంది. కానీ రెండోదాన్ని చెరపను. ‘అనురాగం?’ అని పక్కన ఉంచుతాను. టిప్పణిలో తీర్పు ఇవ్వవచ్చు, కానీ ఓడిన పక్షం పేరు చెరపకూడదు.

ఇప్పుడు క్రియలు. నేను పిల్లలతో చేయించే పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇది. పద్యంలోని క్రియలన్నీ ఏరి పక్కన ఒకదాని కింద ఒకటి రాయించడం. అతిశయిల్లుచునుండు, తియ్యనుండు, సమకూరు. మొదటిది పెరుగుతూ పోవడం, ఎక్కడా ఆగదు. రెండోది ఒక స్థితి. మూడోది పని పూర్తి కావడం. మూడూ ఒకటే చెబుతున్నాయని గైడు అంటుంది. జాగ్రత్తగా చూడండి. పాడగా పాడగా రాగం పెరిగితే మారింది రాగం. తినగా తినగా వేప తియ్యగా ఉంటే మారింది వేపా, నాలుకా? చెట్టు మీది ఆకు నిన్న ఎంత చేదో ఈ రోజూ అంతే చేదు. మరి సాధన వల్ల లొంగేది పనా, మనిషా? ‘సాధన చేస్తే పనులు నెరవేరుతాయి’ అన్న గైడు తాత్పర్యం మూడో పాదాన్నే తిరిగి చెప్పడం తప్ప ఏమీ చేయలేదు. మొదటి రెండు పాదాలు ఎందుకు ఉన్నట్టు? సామాన్య విషయాన్ని విశేష విషయంతో సమర్థిస్తే అర్థాంతరన్యాసం అని అలంకారం పేరు రాసేసి ఊరుకుంటారు. పేరు రాయడం తప్పు కాదు. ఆ అలంకారం ఇక్కడ ఏ పని చేస్తోందో రాయకపోతే అది అతికించిన చీటీ మాత్రమే.

మకుటాన్ని ఎవరూ ముట్టుకోరు. ప్రతి పద్యంలోనూ ఉంటుంది కాబట్టి కనబడకుండా పోతుంది. ‘వినుర వేమ’ అంటే వేమా, విను అని. వింటున్నది వేమన అయితే చెబుతున్నది ఎవరు? తనకు తాను చెప్పుకుంటున్నాడా? విశ్వద, అభిరాముడు అన్నవి ఇద్దరు మనుషుల పేర్లని కథలు చెబుతారు. విశ్వాన్ని ఇచ్చినవాడికి ప్రియమైనవాడా అని సమాసంగా విడదీసేవాళ్ళూ ఉన్నారు. కథను కథగా, వ్యాకరణాన్ని వ్యాకరణంగా వేరువేరుగా రాసుకుంటే సరిపోతుంది. రెండూ కలిపితేనే తంటా.

వేమన పద్యంలో వాక్యం దాదాపు మనం మాట్లాడే వరసలోనే నడుస్తుంది. అన్ని పద్యాలూ అలా ఉండవు. మాటల వరసను మామూలు వాక్యంగా సర్దుకోవడాన్ని అన్వయం అంటారు. దీనికి మంచి బరి పోతన పద్యం. (పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న పాత తగవు ఇక్కడ తవ్వను. కడపలో ఉంటూ ఆ మాట ఎత్తడం నా ఆరోగ్యానికి మంచిది కాదు.)

ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వని యందు డిందు పరమేశ్వరు డెవ్వడు మూలకారణం
బెవ్వ డనాదిమధ్యలయు డెవ్వడు సర్వము దానయైన వా
డెవ్వడు వాని నాత్మభవు నీశ్వరునే శరణంబు వేడెదన్

మొసలికి చిక్కి, సొంత బలం మీద ఆశ వదులుకున్న ఏనుగు అంటున్న మాటలివి. ఈ సందర్భాన్ని ఒక్క పంక్తిలో పద్యం నెత్తిన రాసుకోవాలి. దాన్ని అవతారిక అంటారు. తరువాత అన్వయం. పాతకాలపు గురువులకు దీనికి రెండు దారులు ఉండేవి. కర్త, కర్మ, క్రియ వరసలో మాటలను కర్రలా నిలువుగా పేర్చేది దండాన్వయం. క్రియను ముందు పట్టుకుని ప్రశ్నలు వేస్తూ ముక్కలు రాబట్టేది ఖండాన్వయం. ఇటువంటి పద్యానికి రెండోదే మేలు. క్రియ అన్నిటికన్నా చివర ఉంది, వేడెదన్. ఏమని వేడెదను? శరణంబు. ఎవరిని? వానిని. ఎటువంటి వానిని? ఆత్మభవుని, ఈశ్వరుని. ఆ ‘వాడు’ ఎవరు? ఎవ్వనిచే జగము జనించునో, ఎవ్వని లోపల ఉండునో, ఎవ్వని యందు డిందునో అతడు. మూడు పాదాలు దాటి మోసుకొచ్చిన ‘ఎవ్వడు’లన్నీ ‘వాని’ అన్న రెండక్షరాల మీద దిగాయి. మాటల నెత్తిన 1, 2, 3 అని అంకెలు వేసుకుంటూ పోతే ఈ దిగడం కంటికి కనిపిస్తుంది.

అంకెలు వేసేటప్పుడే చేయి ఆగే చోట్లు రెండు ఉన్నాయి. మొదటిది ‘లీనమై’. ఎవ్వని లోపల లీనమై ఉండును అని వెనక్కి కలపాలా, లీనమై ఎవ్వని యందు డిందును అని ముందుకు కలపాలా? డిందడం అంటే అణగిపోవడం. ముందుకు కలిపితే పుట్టుక, ఉనికి, లయం అని మూడు దశలు విడివిడిగా తేలుతాయి. వెనక్కి కలిపితే పాదం విరుపుతో పాటు ఊపిరి కుదురుతుంది, ఉనికి కూడా ఒక లీనతే అవుతుంది. పాదం చివర ఉండడం వల్ల ఆ మాట రెండు వైపులా చేతులు చాచింది.

రెండోది ఇంకా చిన్నది, ‘నే’. ఈశ్వరునే అంటే ఈశ్వరుణ్ణి మాత్రమే అని నొక్కి చెప్పడం కావచ్చు. ఈశ్వరున్, ఏ అని విడదీస్తే ‘ఏ’ అంటే నేను. ఈశ్వరుణ్ణి నేను శరణు వేడుతున్నాను. రాతలో తేడా లేదు, పాడేటప్పుడు కూడా తేడా తెలియదు. ‘వేడెదన్’ అన్న క్రియలోనే నేను అన్న సంగతి ఉంది కాబట్టి విడిగా కర్త అవసరం లేదని ఒకరు అనవచ్చు. సొంత బలం అంతా పోయాక కూడా మిగిలిన ఆ ‘నేను’ వినబడవలసిందేనని ఇంకొకరు అనవచ్చు. పుస్తకాల్లో ప్రతిపదార్థం ఏదో ఒకదాన్ని ఎంచుకుని ముందుకు పోతుంది. మన అంచులో రెండింటికీ చోటు ఉంటుంది.

ఇక్కడికి వచ్చేసరికి మా మేనకోడలు ఒక సమంజసమైన ప్రశ్న వేసింది. ‘‘వచన కవితకు యతి ఉండదు, ప్రాస ఉండదు, సంధులు కూడా పెద్దగా ఉండవు. అక్కడ ఏమి గుర్తించాలి?’’ ఉదాహరణ కోసం ఎవరి కవితో తెచ్చి కోయడం ఇష్టం లేక అప్పటికప్పుడు నేనే నాలుగు పంక్తులు గిలికాను. కవిత్వమని అనను, పాఠానికి పనికివచ్చే బొమ్మ.

పెన్న మీద వంతెన.
నీళ్ళు దాటడానికి కట్టారట.
ఇసుక లారీలు
దాని నీడలో ఆగి వెళుతుంటాయి.

తను వెంటనే పక్కన ‘కరువు’ అని రాసింది. చెరిపేయమన్నాను. ఆ మాట నాలుగు పంక్తుల్లో ఎక్కడా లేదు. అది తాత్పర్యం, దాని వంతు చివర. ముందు అక్షరాల దగ్గరికి రావాలి. ‘కట్టారట’లో ‘ట’ చుట్టూ సున్న చుట్టించాను. ఆ ఒక్క అక్షరంతో మాట్లాడుతున్నవాడు నీళ్ళు తను చూడలేదని, ఎవరో చెబితే విన్నానని ఒప్పుకుంటున్నాడు. తరువాత ‘నీడలో’. లారీలు వంతెన మీద లేవు, కింద ఉన్నాయి. నది ఉండవలసిన చోట ఉన్నాయి. తరువాత ‘వెళుతుంటాయి’. ఒకనాటి సంగతి కాదు, రోజూ జరిగేది. మొదటి పంక్తికి క్రియ లేదు, వంతెన ఊరికే నిలబడి ఉంది. పద్యంలో యతి చేసిన పనిని ఇక్కడ పంక్తి విరుపు చేస్తోంది. ‘ఇసుక లారీలు’ దగ్గర పంక్తి ఎందుకు తెగింది? అవి ఏమి చేస్తాయోనని చదివేవాడు ఒక్క క్షణం ఆగాలని. ఇవన్నీ రాశాక ఇప్పుడు కావాలంటే కరువు అని రాయవచ్చు, ఇసుక దోపిడీ అని రాయవచ్చు, రెండూ కాదనవచ్చు. దేనికైనా పంక్తి చూపించగలగాలి.

తను కాసేపు పెన్సిలు కొరుకుతూ నా నాలుగు పంక్తులనే చూసింది. తరువాత అంచున ఏదో రాసి కాగితం నా వైపు తిప్పింది. ‘లారీలు ఖాళీవా, నిండువా?’

‘‘నిండువే. ఇసుక లారీలు అన్నాను కదా’’ అన్నాను.

‘‘ఇసుక కోసం వచ్చిన ఖాళీ లారీని కూడా ఇసుక లారీ అనే అంటారు మామా. నీడలో ఆగడం నింపుకోవడానికా, నింపుకున్నాక సేద తీరడానికా అన్నది మీరు రాయలేదు. మూలంలో లేనిది నేను రాయను.’’